ఖాళీ చెయ్యని తుపాకి

ఉడికిన వడ్లు కాళ్లకింద పొగలు కక్కుతుంటే హేమ్లా మూడో వరుస తిప్పుతున్నాడు. తిప్పడం చేతులతో కాదు, కాళ్లతో. అరిపాదాలు నేలకు ఆనించి, వడ్లలో చాళ్లు తీస్తున్నట్టు ఈడ్చుకుంటూ మిల్లు కళ్లం ఈ చివర నుంచి ఆ చివరకు పోవాలి, మళ్లీ రావాలి. జనవరి పొద్దుటిపూట సిమెంటు నేల జివ్వుమంటుంది, దానిమీద వడ్లేమో కాలుతుంటాయి. ఆరేళ్లుగా ఇలా నడిచి నడిచి అతని మడమలు పగుళ్లు బారాయి, వేళ్ల సందులు తెల్లగా నానిపోయాయి. ఏభై ఏళ్ల మనిషి. బక్కపలచని ఒళ్లు, ఎడమ చెవికి వెండి పోగు, నెత్తికి ఒకప్పుడు ఎర్రగా ఉండిన తువ్వాల. మిర్యాలగూడలో ఇన్ని మిల్లులు, ఇన్ని కళ్లాలు, వాటినిండా ఇలాంటి మనుషులే. గుమాస్తా కూడా అతన్ని పేరు పెట్టి పిలవడు, "మూడో వరుసా" అంటాడు.

పక్కనున్న నాలుగో వరుస ఉప్పలమ్మది.

గేటు బయట మైకు కట్టుకున్న ఆటో ఒకటి పోయింది. ఎన్నికలు వస్తున్నాయి కనుక లైసెన్సు ఆయుధాలున్న వాళ్లందరూ వారంలోగా పోలీస్ స్టేషనులో అప్పజెప్పి రశీదు తీసుకోవాలని చెబుతోంది. హేమ్లా కాళ్లు ఆగాయి. ఉప్పలమ్మ కాళ్లు కూడా ఆగాయి. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. ఆటో మలుపు తిరిగి మాట వినపడకుండా పోయాక మళ్లీ నడక మొదలుపెట్టారు.

ఎనభై తొమ్మిది నవంబరులో కూడా ఇదే కబురు. అప్పుడు కానిస్టేబులు సైకిలు మీద తండాకు వచ్చి చెప్పిపోయాడు. హేమ్లాకు తండ్రి నుంచి వచ్చిన నాటు తుపాకి ఉండేది. అడవిపందుల నుంచి పంట కాపాడుకోవడానికి సర్కారు లైసెన్సు ఇచ్చింది. గొట్టంలోకి మందూ సీసం గుండ్లూ దట్టించి పేల్చాలి. ఒకసారి దట్టించాక ఖాళీ చెయ్యాలంటే వాళ్లకు తెలిసిన దారి ఒకటే, గాల్లోకి పేల్చడం.

ఆ తెల్లవారుజామున చేను కాపలా నుంచి ఇంటికి వచ్చేసరికి మూడేళ్ల కూతురు బుజ్జి జ్వరంతో రెండు రోజులు ఏడ్చి ఏడ్చి అప్పుడే నిద్రపోయింది. గుమ్మంలోనే భార్య మోతీబాయి చెయ్యి అడ్డం పెట్టి, చప్పుడు చెయ్యొద్దని సైగ చేసింది. హేమ్లా తుపాకి పేల్చకుండానే దూలానికి వేలాడదీశాడు. ఆ గడియలో ఏ తండ్రయినా ఆ పనే చేస్తాడు. అక్కడిదాకా అతన్ని ఎవరూ తప్పు పట్టలేరు.

తెల్లవారింది. బుజ్జిని దవాఖానకు తీసుకుపోవాలి. తుపాకి అప్పజెప్పడానికి ఆ రోజే ఆఖరు. పద్నాలుగేళ్ల జవహర్ బడికి పోయే దారిలోనే ఠాణా ఉంది. తుపాకిని గోనెసంచిలో చుట్టి కొడుకు చేతికిచ్చి, ఠాణాలో ఇచ్చి రశీదు తెమ్మన్నాడు. లోపల మందుందని చెప్పలేదు. మరిచిపోయాడా అంటే మరిచిపోలేదు. పోలీసులే చూసుకుంటారులే అనుకున్నాడు. ఠాణాలో పిల్లవాడిని "మీ నాయనను రమ్మను పో" అని తిప్పి పంపారు. అప్పటికే బడి గంట కొట్టారు. వాడు సంచీని తరగతి గది మూలన నిలబెట్టుకున్నాడు. అన్నం వేళకు పిల్లలంతా మూగి చూపించమన్నారు. సంచిలోంచి బయటికి లాగుతుండగానే తుపాకి పేలింది. ఎదురుగా ఉన్నవాడు మల్సూర్, ఉప్పలమ్మకు ఒక్కగానొక్క కొడుకు.

అసలు తప్పు ఆ సాయంత్రం జరిగింది. మందు నువ్వే నింపావా అని పోలీసులు అడిగితే హేమ్లా కాదన్నాడు. నేను ఖాళీ చేసే ఇచ్చిన, పిల్లగాడే నింపుకున్నడేమో అన్నాడు. తండా పెద్ద ఒకాయన ముందే చెవిలో వేశాడు, పెద్దవాడివి నువ్వయితే జైలు, వాడయితే పిల్లగాడు కాబట్టి వదిలేస్తారని. వదలలేదు. హైదరాబాదులో బాల నేరస్థులను ఉంచే చోట జవహర్ రెండేళ్లున్నాడు. ఆ తెల్లవారుజామున తుపాకి పేలిన చప్పుడు వినపడలేదని వాడికి తర్వాత తట్టింది. అయినా ఎవరి దగ్గరా నోరు విప్పలేదు. తిరిగొచ్చాక తండ్రిని బాపూ అని పిలవలేదు. కోదాడ పోయి లారీల షెడ్డులో పనికి కుదిరాడు. వాడికి అన్నం వండిపెట్టి వస్తానని వెనకే పోయిన మోతీబాయి మళ్లీ రాలేదు. బుజ్జి ఒక్కతే బడి ఇక్కడుందని తండ్రి దగ్గర ఉండిపోయింది.

ఇప్పుడు జవహర్‌కు ఇరవై రెండేళ్లు. హంతకుడన్న మాట మీద మూడు సంబంధాలు తప్పిపోయాయి. నాలుగోది నడిగూడెం వైపు తండా పిల్ల, జమున. ఇది కూడా పోతే ఇక ఎవరూ నా పెండ్లి మాట ఎత్తొద్దని జవహర్ అన్నాడట. పిల్ల తండ్రి ధన్‌సింగ్, నలుగురి మాట తనకు వద్దు, కన్నతండ్రి నోటి నుంచే వింటానని కబురు పెట్టాడు. ఈ రోజు మధ్యాహ్నం వస్తానన్నాడు. పొద్దుటి నుంచి హేమ్లా ఒక చాలు రెండుసార్లు తిప్పుతున్నాడు, ఇంకో చాలు వదిలేస్తున్నాడు.

అన్నం గంట కొట్టారు. హేమ్లా గోడ నీడన కూర్చుని రొట్టె మూట విప్పాడు. ఉప్పలమ్మ వచ్చి రెండడుగుల దూరంలో కూర్చుంది. స్టీలు డబ్బా తెరిచి, మూత బోర్లించి, అందులో మామిడి తొక్కు ముక్క ఒకటి వేసి అతని వైపు జరిపింది. ఆరేళ్లుగా రోజూ ఇదే వరస. మూత అంచున చుక్కలు చుక్కలుగా అక్షరాలు కొట్టి ఉన్నాయి. హేమ్లాకు చదువు రాదు. గిన్నెల దుకాణం వాళ్ల పేరనుకుంటాడు.

కొడుకు పోయిన ఏడాదికే ఉప్పలమ్మ భర్త సైదయ్య తాగి తాగి పోయాడు. ఊళ్లో ఉండలేక ఆమె ఈ మిల్లుకు వచ్చింది. తర్వాత కొద్దిరోజులకు, వకీళ్లకు చేను పోగొట్టుకుని హేమ్లా కూడా ఇక్కడికే వచ్చాడు. తనను చూసి ఆమె మన్ను ఎత్తిపోస్తుందనుకున్నాడు. ఆమె చాలాసేపు చూసి, "కడుపున పుట్టినోడు గట్ల జేస్తే తండ్రేం జేస్తడన్నా" అంది. ఆ మాట విన్న క్షణమే నిజం చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు సరికదా, ఆమె పెట్టిన తొక్కు ముక్క నోట్లో వేసుకున్నాడు. అప్పటి నుంచి ఆమె జాలి తింటూనే ఉన్నాడు. ఆమె జవహర్‌ను మాత్రం రోజూ తిడుతుంది. వాని చేతులు పడిపోవాలె అంటుంది. హేమ్లా తల వంచుకుని రొట్టె నములుతాడు. సాయంత్రం బుజ్జి గేటు దగ్గరికి వస్తే ఆమే కూర్చోబెట్టుకుని జడ వేస్తుంది.

ధన్‌సింగ్ గేటులోంచి రావడం హేమ్లా చూశాడు. పొట్టి మనిషి, భుజాన దుప్పటి, చేతిలో కర్ర. మంచినీళ్లు ఇస్తే వద్దన్నాడు. ఎదురుగా గొంతుక్కూర్చుని, తమ భాషలో, గొంతు తగ్గించి అడిగాడు.

"ఒక్కటే మాట. నీ కొడుకు కావాలని మందు నింపి సంపిండా?"

హేమ్లా కూడా తమ భాషలోనే చెప్పాడు. చెప్పడం ఇంత తేలికని అతనికి తెలియదు.

"లేదు. మందు నేనే నింపిన. పేలిస్తే బిడ్డ లేస్తదని ఖాళీ చెయ్యలే. వానికి చెప్పలే. పోలీసుల ముందర వాని మీదికి తోసిన."

ధన్‌సింగ్ కర్రతో నేల మీద గీత ఒకటి గీశాడు, దాన్ని కాలితో చెరిపాడు.

"నీ కొడుక్కు పిల్లనిస్త," అన్నాడు. "నీ ఇంటికి మాత్రం పంప."

పని అయిపోయింది. కొడుక్కు పెళ్లి కుదిరింది. రెండడుగుల దూరంలో ఉన్న ఉప్పలమ్మకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఇక ఊరుకుంటే రేపు కూడా మూత తన వైపు జరుగుతుంది. హేమ్లాకు ఆ ఆశ కలిగింది. కలగలేదని చెబితే అబద్ధం.

ధన్‌సింగ్ లేస్తుంటే, సంబంధం వాళ్లు వస్తారని ముందే విని ఉన్న ఉప్పలమ్మ చెయ్యి కడుక్కుని అతని వైపు తిరిగింది.

"అన్నా, పిల్లనిచ్చెటందుకు వచ్చినవా? ఈ అన్న మంచోడు, ఈయనను చూసి మోసపోకు. కొడుకు మంచోడు కాదు. మందు నింపుకొని బడికొచ్చి నా పిల్లగాణ్ణి సంపిండు. నీకు ఆడపిల్ల ఉన్నది కాబట్టి చెప్తున్న."

ధన్‌సింగ్ ఆమెను చూశాడు, హేమ్లాను చూశాడు. "ఈమెకు చెప్పలేదా?" అని తమ భాషలోనే అడిగాడు. జవాబు కోసం ఆగకుండా గేటు వైపు నడిచాడు.

హేమ్లా మూత పక్కకు జరిపాడు. ఈసారి తెలుగులో చెప్పాలి.

"చెల్లె," అన్నాడు. "మందు పిల్లగాడు నింపలే. నేను నింపిన. ఆ పొద్దుగాల గాల్లోకి పేలిస్తే అయిపోయేది. బుజ్జి అప్పుడే పండుకున్నది, లేస్తదని పేల్చలే. గట్లనే వాని చేతుల పెట్టి పంపిన. వానికి ఎరుక లేదు. తప్పంత నాది."

ఉప్పలమ్మ కళ్లంలో వడ్ల మీద పిచ్చుకలు వాలితే కాసేపు వాటిని చూసింది. వాటిని తోలడానికి ఎవరూ లేవలేదు.

"ఆ పొద్దు బుజ్జి లేచిందా?" అని అడిగింది.

"లేవలే. ఎండెక్కిందాక పండుకున్నది."

"మంచిగైంది," అంది ఉప్పలమ్మ. లేచి, చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని నాలుగో వరుసలోకి పోయింది.

తిరిగి పనిగంట కొట్టారు. సాయంత్రం దాకా ఇద్దరూ పక్కపక్కనే నడిచారు. ఆమె చాళ్లు ఎప్పటిలాగే తిన్నగా వచ్చాయి. హేమ్లా ఈ కొసకు వస్తే ఆమె ఆ కొసలో ఉండేది. తిట్టినా బాగుండునని అతనికి అనిపించింది. రాయి తీసుకుని కొట్టినా బాగుండును. ఎనిమిదేళ్లుగా గుండెలో ఉన్న బరువు దిగిపోతుందనుకున్నాడు గానీ అది దిగలేదు, ఆమె నెత్తికెక్కింది. కొడుకును చంపినవాడి పక్కన కూర్చుని ఆరేళ్లు అన్నం తిన్నాననే బరువు ఆమెది ఇప్పుడు. దాన్ని తెచ్చిపెట్టింది కూడా హేమ్లానే.

నాలుగు దాటాక వడ్లు కుప్ప చేసి పట్టాలు కప్పారు. హేమ్లా పట్టా అంచున రాళ్లు పెట్టి తల ఎత్తేసరికి ఉప్పలమ్మ లేదు. గేటు దగ్గర గుమాస్తా, "నాలుగో వరుసామె రేపట్నుంచి రాదంట, ఏమైంది?" అన్నాడు.

బుజ్జి బడి నుంచి వచ్చింది. ఆరో తరగతి. చెదిరిన జడ, చేతిలో ఊడిన రిబ్బను. ఉప్పలమ్మ కోసం కళ్లమంతా కలియజూసింది.

"పెద్దమ్మ ఏది బాపూ? జడ ఎయ్యదా?"

"పోయింది."

గోడ నీడన, మధ్యాహ్నం తాము కూర్చున్న చోట, స్టీలు మూత ఒక్కటే ఉంది. డబ్బాను మూత లేకుండానే పట్టుకుపోయింది ఉప్పలమ్మ. బుజ్జి అక్కడికి పోయి వంగింది. చదువు వచ్చిన పిల్లలకు ఏ అక్షరాలు కనిపించినా చదవందే కాళ్లు కదలవు. మూత అంచు మీది చుక్కల వెంట వేలు పోనిచ్చి, కూడబలుక్కుని చదివింది.

"మల్సూర్, ఏడో తరగతి." తల ఎత్తి అడిగింది. "ఎవరు బాపూ మల్సూర్?"

హేమ్లా నోరు తెరిచాడు. మధ్యాహ్నం రెండు భాషల్లోనూ వచ్చిన మాట ఇప్పుడు ఏ భాషలోనూ రాలేదు. గోడ నీడ కళ్లం దాకా సాగింది. మూతలో అతను ముట్టని మామిడి ముక్క అలాగే ఉంది, దాని నూనె అంచు మీది అక్షరాల దాకా వచ్చి ఆగింది.