మీసం దారి

నేను ఒక అగ్గిపెట్టెంత రోబోని. రెండు చక్రాలు, పొట్ట కింద రెండు కళ్లు. మనుషుల మాటలు వింటాను గానీ మనుషులు కనబడరు. తెల్లటి నేల, దానిమీద నల్లటి గీత, అంతే నా లోకం. గీత ఎటు వంగితే నేనూ అటే. ఈ గుణం వల్లేనేమో, మధ్యతరగతి ఇంట్లో బాగా ఇమిడిపోయాను.

నన్ను చేసింది మేదిని. కాకినాడలో ఇంజినీరింగ్ మూడో ఏడు. వాళ్ల నాన్న సూర్యారావు గారు కొత్త వస్తువుకి కవరు తీయని మనిషి. ఫ్రిజ్ కొని ఆరేళ్లయినా తలుపుకి ప్లాస్టిక్ అలాగే ఉంది. నన్నూ కవర్లోనే నడపమన్నారు.

"చక్రాలు తిరగాలి కదా నాన్నా!"

"సరే, నీ ఇష్టం. కాలేజీ రోబోల పోటీలో ప్రైజొచ్చిందా, సంతోషం. రాలేదా, ఈ బొమ్మలాటలు కట్టిపెట్టి సోమవారం నుంచి బ్యాంకు కోచింగ్‌కి పోవాలి."

పోటీ రోజు కాలేజీ హాల్లో నేలంతా ఫ్లెక్సీ పరిచారు. దానిమీద మేం పరిగెత్తాల్సిన నల్ల గీత. ఫ్లెక్సీ వేశాక అందులో ఎవరి మొహమూ లేకపోతే బాగోదు కదా! అందుకని మధ్యలో ముఖ్య అతిథి, టైల్స్ షాపు వరాహమూర్తి గారి నవ్వుమొహం కూడా వేయించారు.

విజిల్ ఊదారు. తెల్లటి మబ్బుమీద నల్లటి ఏరులా ఉంది గీత. అలా తేలిపోతున్నాను. రెండో మలుపులో గీత కన్నా నల్లగా, వెడల్పుగా ఇంకో దారి కనబడింది. కొస పైకి మెలితిరిగి ఉంది. అంత అందమైన వంపు నా జన్మలో చూడలేదు. ఈ కొస నుంచి ఆ కొసకి మూడుసార్లు తిరిగాను. అది వరాహమూర్తి గారి మీసమని నాకేం తెలుసు?

జడ్జి గారు "అవుట్" అనబోయారు. ఈలోపు వరాహమూర్తి గారే లేచారు.

"చూశారా! ఇంతమందిలో నన్ను గుర్తుపట్టిందండీ! దీనికి స్పెషల్ ప్రైజ్ ఇవ్వాల్సిందే!"

అందరూ చప్పట్లు కొట్టారు. ఇల్లు కట్టుకుంటున్న జడ్జి గారు కాస్త గట్టిగానే కొట్టారు.

ఇంటికెళ్లాక సూర్యారావు గారు చుట్టాలందరికీ ఫోన్లు. "మనిషిని గుర్తుపడుతుందండీ!" కోచింగ్ ఊసే లేదు. మేదిని ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోలేదు.

"నాన్నా, అది గుర్తుపట్టలేదు. దారి తప్పింది. దాని కళ్లు నేను సరిగ్గా సెట్ చెయ్యలేదు."

ఆయన ఫోను పక్కన పెట్టారు.

"ఈ సంగతి మీ పెదనాన్నకి చెప్పకు," అన్నారు. మళ్లీ ఆయనే, "కళ్లు సరిగ్గా ఉండేది చెయ్యాలంటే ఎన్నాళ్లు పడుతుందే?"

ఇప్పుడు నేను అద్దాల బీరువాలో, ఎవరూ టీ తాగని కప్పుల పక్కన ఉన్నాను. నా చక్రాలు పీకి, కళ్లు సరిగ్గా ఉన్న కొత్త రోబోకి, అంటే నా తమ్ముడికి, పెట్టింది మేదిని. హాల్లో వాడు తిరుగుతుంటే, ఆ చప్పుడుకి ఇక్కడ కదలకుండా కూచున్న నేనే ఎక్కడికో పోతున్నట్టుంటుంది.