పసుపు తాగిన పాలరాయి

ఎక్కడో ఒక దేశంలో అధ్యక్షుడు చనిపోతే ఆయనకు జాతీయ స్మారకం కట్టాలనుకున్నారు. కట్టడం అక్కడే గానీ రాళ్ల కోత మాత్రం ఒమాన్‌లో, ఘాలాలోని ఒక రాళ్ల కార్ఖానాలో. 2013లో మొదలైన పని రెండుసార్లు ఆగింది. మొదటిసారి అక్కడ ప్రభుత్వం మారింది. రెండోసారి పునాది ఒకవైపు కుంగిందట, నక్షా మార్చారు, అప్పటికే కోసిన మూడొందల నేలరాళ్లు కొలతకు రాకుండా పోయాయి. మూడేళ్లుగా ఆ రాళ్లు కోస్తున్న భూమయ్యకు ఆ స్మారకం ఎలా ఉంటుందో మాత్రం తెలియదు. ఆయనకు తెలిసిందల్లా పొడవు, వెడల్పు, మందం.

2016 జూన్ నాటికి ఒక్క రాయి మిగిలింది. నిలువెత్తు, మీగడ రంగు పాలరాయి. అధ్యక్షుడి పేరు అక్కడికి చేరాక దాని మీదే చెక్కుతారు. అంత పెద్ద మచ్చలేని దిమ్మ గనిలో మళ్లీ దొరకలేదు. బుధవారం ఆ దేశపు ఇంజినీరు వచ్చి చూసుకుంటాడు, గురువారం రాయి ఓడెక్కాలి.

భూమయ్య ఊరుకుంటే ఈ కథే లేదు. జగిత్యాల పక్కన ఆయన ఊళ్లో పసుపు పెట్టకుండా ఎవరూ రాయి మీద ఉలి వెయ్యరు. ఈ పనికి ఎవరూ పసుపు పెట్టలేదు కాబట్టే రెండుసార్లు ఆగిందని ఆయన నమ్మకం. కనీసం ఆఖరి రాయికైనా పెడదామని సోమవారం డ్యూటీ దిగేముందు పసుపు తడిపి, రాయి నడిమధ్య అరచేయంత మేర పూసి దండం పెట్టుకున్నాడు. పాపం, ఊళ్లో ఆయన కొట్టిందంతా నల్లరాయి. నల్లరాయి పసుపు తాగదు, పాలరాయి తాగుతుంది.

మంగళవారం పొద్దున తుడిస్తే పసుపు పోయింది, మచ్చ మిగిలింది. సబ్బు వేసి రుద్దాడు. పాలిష్ మిషను పట్టాడు. ఊహూ! ఇంకా అరగదీస్తే మందం తగ్గి రాయే పనికిరాదు. నేరుగా ఫోర్‌మన్ నసీరుద్దీన్ దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

నసీరుద్దీన్ నెత్తి పట్టుకున్నాడు. "యా అల్లా! నీకు దిమాక్ ఉన్నదా భూమయ్యా? కార్ఖానా నడిపే అర్బాబ్ చూసిండంటే నీ వీసా కాన్సల్. నిన్ను ఏర్‌పోర్టుల దించినంకనే చాయ్ తాగుతడు."

చాయ్ వేళకు భూమయ్య ఇంటికి ఫోన్ చేశాడు. "లస్మీ, నేను వాపస్ వస్తనేమో," అని భార్యకు సంగతంతా చెప్పాడు. లస్మవ్వ మొత్తం విని ఫక్కున నవ్వింది. భూమయ్యకు ఒళ్లు మండింది.

"నా కొలువు పోతాంటే నవ్వుతున్నవా?"

"నవ్వక ఏం జెయ్యాలె? మన పెండ్లిల నీ తెల్ల ధోతికి అంటిన పసుపు ఎట్ల పోయింది? నువ్వేమన్న ఉతికినవా? తడిపి ఎండల ఏసిన, పొద్దుమీకె వరకు పోయింది. పసుపు ఎండకు ఆగదయ్యా. ఆడ ఎండలకు కరువా?"

ఆ మాట విని నసీరుద్దీన్ పది గంటలకు క్రేన్‌తో రాయిని ఆవరణలోకి తెప్పించాడు. పన్నెండున్నర నుంచి మూడున్నర దాకా ఎండలో పని చెయ్యకూడదని సర్కారు రూలు. అందరూ షెడ్డులో పడుకున్నారు. భూమయ్య మాత్రం తడిగుడ్డ పట్టుకుని మళ్లీ మళ్లీ బయటికి పరుగెత్తాడు. "లోపలికి రావయ్యా, జుర్మానా పడ్తది!" అని నసీరుద్దీన్ అరుస్తూనే ఉన్నాడు, అరుస్తూనే తనూ వచ్చి చూసి పోతున్నాడు. రెండింటికి మచ్చ నిమ్మపండు రంగుకు దిగింది. నాలుగున్నరకు అదెక్కడుండేదో వేలు పెట్టి చూపించడం భూమయ్య వల్లే కాలేదు.

బుధవారం ఇంజినీరు రాయంతా చేత్తో తడిమాడు, టార్చి వేసి చూశాడు, సంతకం పెట్టాడు. హమ్మయ్య! భూమయ్య చెక్కపెట్టె మీద కూలబడ్డాడు. కళ్లలో నీళ్లు, మూతి మీద నవ్వు. ఎవరైనా చూస్తారేమోనన్న సిగ్గు కూడా లేకపోయింది.

పెట్టెలో దించేముందు రాయి వెనకవైపు ఎర్ర రంగుతో నంబరు, కింద కోసినవాడి పేరు రాయాలి. అటువైపు గోడలోకి పోతుంది, ఇక ఎవరూ చూడరు. భూమయ్య కుంచె ముంచి మెల్లగా రాశాడు. నసీరుద్దీన్‌కు తెలుగు మాట్లాడటమే గానీ చదవడం రాదు.

"నీ పేరేనా?"

"కాదు భాయ్, లస్మవ్వ పేరు."

"ఆమె కోసిందా రాయి?"

"కోసింది నేనే, ఖరాబు చేసింది నేనే. బతికిచ్చింది ఆమె."

నసీరుద్దీన్ రంగు ఆరేదాకా పక్కనే నిలబడి, పెట్టె మూత తనే మోసుకొచ్చాడు.