తొట్టినీళ్ళ వేడి

మే పదహారో తేదీ మధ్యాహ్నం మూడు గంటలకు నన్ను గాజుజాడీలోంచి పైకి తీసి తొట్టినీళ్ళలో వేలాడదీసింది ఎవరు? రెంటచింతలలోని గాదె వారి ఇంట్లో ఈ ప్రశ్నకు నేటి వరకు ఎవరూ జవాబు చెప్పలేదు. చెప్పవలసిన మనిషిని ఎవరూ అడగనూ లేదు.

నేను ఒక ఉష్ణమాపకాన్ని. వాడుకలో థర్మామీటరు అంటారు. జానెడున్నర గాజుగొట్టం, అడుగున చిన్న బుడిపె, అందులో ఎర్రరంగు కలిపిన సారాయి. అవును, నా ఒంట్లో పారేదీ మద్యమే. అయినా నేను ఎన్నడూ తూలలేదు. ఎక్కడో ఉత్తరాది గాజుబట్టీలో పుట్టాను. నా మొదటి స్నానం మంచునీళ్ళలో జరిగింది. ఎర్రద్రవం ఎక్కడ ఆగితే అక్కడ సున్న అని గీశారు. ఆ రోజు నుంచి నాకు వచ్చిన విద్య ఒక్కటే: నన్ను ఎందులో ముంచితే దాని వేడి చెప్పడం. పక్కనున్న పాత్ర సంగతి నాకు తెలియదు. ఇంత చిన్న లోపాన్ని మనుషులు ఎంత గొప్పగా వాడుకోగలరో తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

మాచర్లలో ఒక ప్రైవేటు కళాశాల ప్రయోగశాలలో పద్దెనిమిదేళ్ళు ఉన్నాను. అక్కడి విద్యార్థులు ముందు గైడులో జవాబు చూసి రికార్డులో రాసుకుని, ఆ తర్వాత మర్యాదకోసం నావైపు చూసేవారు. నన్ను నిజంగా చదివిన మనిషి ఒక్కతే. గాజుసామాను కడిగే అటెండరు శౌరమ్మ. కడిగి, తుడిచి, కిటికీ దగ్గర వెలుతురులో కంటికి సమానంగా పట్టుకుని, ఏ గీత దగ్గర ఉన్నానో చూసి గాని పెట్టెలో పెట్టేది కాదు. ఎవరూ అడగని పని అది. కళాశాల మూతపడిన రోజున, నీకేం కావాలో తీసుకోమన్నారట. బల్లలూ బీరువాలూ ఉండగా నన్ను కొంగున చుట్టుకుని ఇంటికి వచ్చింది.

ఇల్లు ఆమెది కాదు. భర్త పోయాక బావగారు గాదె ఇన్నారెడ్డి పంచన వెనకగదిలో ఉండేది. ఇన్నారెడ్డి హైదరాబాదు పొలిమేరల్లో ఒక బీరు కర్మాగారంలో ముప్పై ఏళ్ళు పనిచేసి దిగిపోయినవాడు. ఆయన పని సీసాల పెట్టెలు లారీకెక్కించేచోట లెక్క చూసుకోవడం. బీరు పులిసే చల్లటి గదిలోకి ఆయన ఒక్కసారైనా అడుగుపెట్టినట్టు దాఖలా లేదు. ఊళ్ళో మాత్రం బీరు కాచడం తనకు తెలిసినట్టు ఎవరికీ తెలియదని చెప్పుకునేవాడు. రెంటచింతల ఎండల్లో, మే నెలలో, ఇంట్లో బీరు పులియబెట్టి చూపిస్తానని స్నేహితులతో పందెం కట్టాడు.

బార్లీరసం కాచడం ఎవరైనా చేయగలరు. కష్టమంతా ఆ తర్వాతే. రసంలో ఈస్టు వేస్తే అది తీపిని తిని మద్యాన్నీ గ్యాసునీ వదులుతుంది. తింటున్నంతసేపూ తనంతట తాను వేడెక్కుతుంది. ఇరవై డిగ్రీల దగ్గర ఉంచితే మర్యాదగా పనిచేస్తుంది. ముప్పై దాటితే తలనొప్పి పుట్టించే విషపు వాసనలు వదులుతుంది. బయట నలభై నాలుగు. అందుకని శౌరమ్మ ఒక పద్ధతి ఏర్పరచింది. గాజుజాడీని నీళ్ళతొట్టిలో నిలబెట్టి, తడి గోనెపట్టా చుట్టి, ఎదురుగా టేబుల్ ఫ్యాను పెట్టింది. మూడు గంటలకొకసారి తొట్టిలో మంచు కట్టిన నీళ్ళసీసాలు మార్చేది. నన్ను రబ్బరు బిరడాలోంచి జాడీ లోపలికే దించింది. నేను చెప్పిన అంకెను ప్రతిసారీ ఒక నోటుపుస్తకంలో రాసేది.

మొదటి రెండు రోజులూ ఇరవై రెండుకీ ఇరవై నాలుగుకీ మధ్య ఉన్నాను. పదహారున పొద్దున కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది, ఫ్రిజ్‌లో సీసాలు కరిగాయి. రెండు గంటలకు నేను ముప్పై ఒకటి చూపించాను. నాలుగింటికి పందెం కట్టిన స్నేహితులు జాడీ వేడి అదుపులో ఉందో లేదో చూడడానికి వస్తారు.

ఇన్నారెడ్డి ఐస్ ఫ్యాక్టరీ నుంచి రెండు పెద్ద గడ్డలు తెప్పించి తొట్టిలో వేయించాడు. జాడీ తొట్టినీళ్ళంత తొందరగా చల్లబడదు కదా. మూడింటికి నావైపు చూశాడు. ముప్పై. అప్పుడు ఆయన చేసిన పని, అటెండరుగా కూడా పనికిరాని విద్యార్థులు చేసే పని. బిరడా ఊడదీసి నన్ను పైకి లాగి, రంధ్రంలో గుడ్డముక్క కుక్కి, దారం కట్టి తొట్టినీళ్ళలో వదిలాడు. ఆయన ఉంగరం నా గాజుకు తగిలింది. నేను క్షణాల్లో పద్నాలుగుకు దిగాను. నాకు అబద్ధం రాదు; నేను చెప్పింది మంచునీళ్ళ సంగతి.

స్నేహితులు వంగి చూసి తలలూపారు. వాళ్ళు వెళ్ళాక శౌరమ్మ మెల్లగా అంది: "బావగారూ, అది తొట్టినీళ్ళ వేడి. జాడీలోది కాదు."

"కాలేజీలో గ్లాసులు కడిగావు గానీ పాఠాలేం చెప్పలేదుగా అమ్మాయ్. నువ్వు ఐసు మార్చు చాలు."

కరిగినకొద్దీ శౌరమ్మ ఫ్యాక్టరీ ఐసు మారుస్తూ వచ్చింది; మర్నాటి పొద్దుటిదాకా తొట్టిలో మంచు తగ్గలేదు. ఉడికిపోతున్న ఈస్టుకు ఒక్కసారిగా చలి తగిలింది. అది అడుక్కి దిగి ముడుచుకుంది. బుడగలు ఆగిపోయాయి. ఇన్నారెడ్డి పులవడం పూర్తయిందని ప్రకటించి సీసాలు కడగమన్నాడు.

శౌరమ్మ చెంచాతో రుచి చూసింది. "ఇంకా తియ్యగా ఉంది బావగారూ. ఈస్టు చావలేదు, చలికి పడుకుంది. సీసాలో పోసి వేడి తగలనిస్తే మళ్ళీ లేచి గ్యాసు వదులుతుంది."

"ముప్పై ఏళ్ళు బీరు ఫ్యాక్టరీలో ఉన్నది నువ్వా నేనా?" అన్నాడాయన. పక్కనే బియ్యం ఏరుతున్న ఆయన భార్య ఫాతిమమ్మ నవ్వి, మా మరిది ఉన్నప్పుడూ నీకిదే వాదన శౌరీ, అంది. ఆ నవ్వులో ద్వేషం లేదు. ఆమె చూపు ఎంత చక్కటిదంటే, నూకలో ఇసుకరేణువును దీపం లేకుండా పట్టేది.

నురగ రావడానికని సీసా ఒక్కింటికి చెంచాడు పంచదార కూడా వేసి మూతలు బిగించారు. రేకులకప్పు కొట్టుగదిలో బియ్యం డబ్బా పక్కన వరుసగా పెట్టారు. ఆ గదిలో మధ్యాహ్నం వేడి ఎంతో అడగడానికి నన్నక్కడికి ఎవరూ తీసుకువెళ్ళలేదు.

ఎనిమిదో రోజు ఫాతిమమ్మ బియ్యానికని కొట్టుగదిలోకి వంగింది. ఒక సీసా పేలింది. దాని దెబ్బకు పక్కవి మూడు పేలాయి. నేను వంటింటి గూట్లో ఉన్నాను. చప్పుడు విన్నాను, ఆ తర్వాత నిశ్శబ్దం విన్నాను, ఆ తర్వాత శౌరమ్మ పరుగెత్తడం విన్నాను. ఆమె తడిగుడ్డతో ఫాతిమమ్మ ముఖం కప్పి, గాజుముక్కలు తీయబోయిన బావగారి చేతిని పట్టి ఆపింది. కుడికన్ను దక్కలేదు.

ఇంట్లో మద్యం కాచడం చట్టరీత్యా నేరం గనుక ఆసుపత్రిలో సోడాసీసా పేలిందని చెప్పారు. సోడాసీసా అన్న తర్వాత ఇక ఎవరు ఏం అడుగుతారు? ఇంట్లో మాత్రం వేరే కారణం కావలసివచ్చింది. వారం తిరిగేసరికి ఇన్నారెడ్డి అది తయారుచేశాడు: శౌరమ్మ వేళకు ఐసు మార్చలేదు. కట్టుకట్టిన కన్నుతో ఫాతిమమ్మ శౌరమ్మ వైపు తిరిగింది. "నీ చేతిలో పెట్టిన పని అదొక్కటే కదే శౌరీ," అంది.

శౌరమ్మ నోటుపుస్తకం తెచ్చి మంచంమీద పెట్టింది. నేను చదవలేనుగా ఇప్పుడు, అని ఫాతిమమ్మ ముఖం తిప్పుకుంది. చదివి వినిపిస్తానని ఇన్నారెడ్డి పుస్తకం తీసుకున్నాడు. మళ్ళీ ఇవ్వలేదు. ఇన్నారెడ్డి వెళ్ళిపొమ్మన్నాక, జూన్ నెలాఖరుకు శౌరమ్మ నరసరావుపేటలో ఒక బాలికల హాస్టలు వంటశాలలో పనికి పోయింది. వెళ్ళేముందు ఎవరినీ ఒక్క మాట అనలేదు. అది క్షమ అని కొందరు మెచ్చుకున్నారట. వెళ్ళిపోమన్న ఇంట్లో నిలబడి వాదించడానికి ఆమెకు చోటెక్కడ ఉందో వాళ్ళెవరూ ఆలోచించలేదు.

ఇన్నారెడ్డి మమ్మల్ని తూకానికి అమ్మేశాక, ఇప్పుడు నేను పిడుగురాళ్ళలో ఒక పాతసామాన్ల కొట్లో, గోనెసంచిలో ఉన్నాను. నా పక్కనే చిత్తుకాగితాల మధ్య ఆ పుస్తకం ఉంది. పదహారో తేదీ పేజీలో శౌరమ్మ గుండ్రటి అక్షరాలు ఇలా ఉన్నాయి:

రెండు గంటలు. జాడీలో ముప్పై ఒకటి.
మూడు గంటలు. థర్మామీటరు బావగారు తీసి తొట్టిలో పెట్టారు. తొట్టిలో పద్నాలుగు. జాడీలో తెలియదు.
ఆరు గంటలు. ఐసు మార్చాను. జాడీలో తెలియదు.
తొమ్మిది గంటలు. ఐసు మార్చాను. జాడీలో తెలియదు.

ఇన్నేళ్ళలో నన్ను గురించి మనుషులు రాసినవాటిలో ఇంత నిజాయితీ గల మాట నేను చూడలేదు. తెలియనిచోట తెలియదని రాసింది. వేళ తప్పకుండా ఐసు మార్చి, మార్చానని రాసింది. ఆ పుస్తకం రేపో మాపో కాగితపు మిల్లుకు పోతుంది.

ఇంతదాకా చదివిన మీరు జాలిపడి ఊరుకోవద్దు. సంచి మూతి విప్పండి. పుస్తకం తీసుకుని రెంటచింతల వెళ్ళండి. ఇన్నారెడ్డి ఇంట్లో ఉన్న వేళ చూసి, ఫాతిమమ్మ ఎదుట కూర్చుని, ఆ పేజీ ఒక్క అక్షరం వదలకుండా పైకి చదివి వినిపించండి. మధ్యలో ఆయన ఆపమంటే ఆపకండి.