సారక్క ఇంటి గుమ్మి

మధ్యాహ్నం అన్నాలు తిని ఊరంతా నడుం వాల్చే వేళకు బొగ్గు గనిలో సైరన్ మోగేది. అది మోగగానే జనమంతా ఇళ్లలోంచి వాకిట్లోకి వచ్చి నిలబడేవాళ్లు. కాసేపటికి భూమి లోపల దబ్బున ఒక చప్పుడు, కాళ్ల కింద అదురు, గూట్లో గిన్నెల గలగల. ఆ తర్వాత రెండో సైరన్. అంటే బ్లాస్టింగ్ అయిపోయింది, లోపలికి పోయి మిగిలిన కునుకు తీయొచ్చు. మరాఠీ సీమలో, రాజురా పక్కన గనిని ఆనుకుని ఉన్న ఆ ఊళ్లో పిల్లలకు ఓనమాల కంటే ముందు వచ్చే పాఠం ఇదే. సైరన్ మోగితే బయటికి రావాలి, గోడను నమ్మకూడదు.

సారక్క ఇంట్లో మాత్రం పెద్దవాళ్లు వాకిట్లోకి వచ్చేవాళ్లు, పిల్లలు గుమ్మిలోకి దిగేవాళ్లు.

ఆ గుమ్మి సారక్క కాపురానికి వచ్చిన కొత్తలో అల్లించింది. మనిషెత్తు వెదురు బుట్ట, లోపలా బయటా పేడతో అలికింది, జొన్నలు పోసుకునేది. చేను గనికి పోయిన దగ్గర్నుంచి ఖాళీగా పడి ఉంది. ఒకనాడు దాగుడుమూతలాడుతూ మనవరాలు ప్రణాలి తమ్ముడు నితిన్‌ను వెంటేసుకుని అందులో దాక్కుంది. అప్పుడే సైరన్ మోగింది. కళ్లు తెరిచేసరికి ఇద్దరూ ఇంగ్లాండులో ఉన్నారు. ఒక ఇంట్లో మెట్ల కింది గూట్లో, జర్మనీ విమానాలు రోజూ వచ్చి బాంబులేసే కాలంలో. ఆ గూట్లో డోరిస్ అని ప్రణాలి ఈడు పిల్ల, వాళ్ల నాయనమ్మ, ఒక లాంతరు. రెండో సైరన్ అక్కడా ఇక్కడా ఒకేసారి మోగింది. పిల్లలు మళ్లీ గుమ్మిలో ఉన్నారు.

"గంత సలి దేశానికి స్వెట్టర్ లేకుంట పోతరా?" అని తల్లి స్వప్న ఇద్దర్నీ చెడామడా తిట్టింది. అంతకుమించి ఎవరూ ఏమీ అనలేదు. పక్కింటి బాపయ్య రోజూ క్రికెట్ స్కోరు అడిగినట్టు "ఏమాయె పిల్లా, లడాయి ఎందాంక వచ్చింది?" అని అడిగేవాడు. తండ్రి వెంకటి అయితే నిమ్మళంగా ఉండేవాడు. "గోడ కూలినా పిల్లలు ఇంట్ల ఉండరు గద. మనకంటె ఆళ్లే పదిలం," అనేవాడు. బాంబులు పడే చోటికి పంపి పిల్లలు పదిలమనుకునే తండ్రిని ఇంకెక్కడా చూడం. ఆ ఊళ్లో మాత్రం ఆ మాట ఎవరికీ తప్పనిపించలేదు.

సారక్కకు పట్టుకున్న దిగులు వేరే. "ఆడ మనిషికి వారానికి ఒక్క కోడిగుడ్డే ఇస్తరంట బాపమ్మా," అని ప్రణాలి చెప్పినప్పుడు ఆమె చేతిలో రొట్టె చేతిలోనే ఆగిపోయింది.

"ఒక్క గుడ్డా! రాజ్యాలేలినోళ్లకు ఏం గాచారమొచ్చెరా! గదే లడాయిల మనోళ్ల జొన్నలు నిజాం సర్కారోళ్లు లెవీ కింద ఊడ్చుకపోయిండ్రని మా అవ్వ చెప్పేది. ఆకలి ఎవలదైనా ఆకలే బిడ్డా."

అప్పట్నుంచి పిల్లల జేబుల్లో రొట్టెలు, బెల్లం ముక్కలు, సంత్ర పండ్లు ఇంగ్లాండుకు పోయేవి. మొదటి సంత్ర చేతికిచ్చిన రోజున డోరిస్ నాయనమ్మ దాన్ని వాసన చూసి, కళ్లు తుడుచుకుని, తొక్క కూడా పారేయకుండా దాచుకుంది. పిల్లలు ఆమెకు తెల్ల బాపమ్మ అని పేరు పెట్టుకున్నారు. ప్రణాలికి వచ్చిన ఇంగ్లీషు బడి పుస్తకంలోది. డోరిస్‌కు వచ్చిన తెలుగు రొట్టె, సంత్ర, దా, కూసో. ఆ కాసిని మాటలతోనే ఇద్దరూ లోకంలోని సంగతులన్నీ చెప్పుకునేవాళ్లు.

ఇంతలో గని పెద్దదై ఊరి మీదికే వచ్చింది. అందరూ ఇళ్లు ఖాళీ చేయాలి. వెంకటి లక్కడ్‌కోట్‌లో, సారక్క పుట్టింటి పక్కనే, ఇల్లు చూసుకున్నాడు. అడవి అంచున చల్లని చోటు. పులి భయం తప్ప వేరే భయం లేదని సారక్క సంబరపడింది. ఇంట్లో ముఖం ముడుచుకున్నది ప్రణాలి ఒక్కతే.

"నేను రాను. ఆడ సైరన్ ఉండదు."

"ఉండదనే పోతున్నం బిడ్డా."

"సైరన్ లేకపోతే డోరిస్ దగ్గరికి ఎట్ల పోవాలె?"

సారక్క పిల్లను ముందు కూర్చోబెట్టుకుంది. మనవరాలి జుట్టు విప్పి మళ్లీ జడ వేసింది.

తెల్లారితే ప్రయాణం. సామానంతా ట్రాక్టర్ ఎక్కింది, గుమ్మి ఒక్కటే మిగిలింది. బ్లాస్టింగ్‌లకు ఇంటి గోడ పగిలి చెయ్యి పట్టేంత సందు పడింది. ఈ పూట ఇంగ్లాండు లేదు, ఏమీ లేదని వెంకటి గట్టిగా చెప్పేశాడు. అప్పుడు సారక్క గూట్లోంచి నీలం పూల పింగాణి గిన్నె తీసింది. కిందటి వారం తెల్ల బాపమ్మ ఇంత కేకు ముక్క పెట్టి పంపిన గిన్నె అది.

"ఆమె గిన్నె మనింట్ల ఉన్నది. ఒకలింటి గిన్నె ఎత్తుకొని ఊరు దాటుతమారా వెంకటీ?"

ఆ మాటకు ఎదురు చెప్పగలిగిన మొనగాడు ఆ తాలూకాలో లేడు. ఖాళీ గిన్నె ఇవ్వకూడదు కాబట్టి సారక్క జొన్నరొట్టె నలిపి, బెల్లం కలిపి, మలీద చేసి నింపింది. సైరన్ మోగింది. పిల్లలు దిగారు.

మెట్ల కింద డోరిస్ కోటు తొడుక్కుని, మెడలో గ్యాస్ మాస్కు పెట్టె వేసుకుని కూర్చుని ఉంది. కోటు గుండీకి పేరు రాసిన అట్టముక్క కట్టి ఉంది. కళ్లు వాచి ఉన్నాయి. అట్టముక్కలున్న పిల్లల్ని తెల్లారి రైలెక్కించి దూరపు పల్లెలకు పంపేస్తారట. అక్కడ వరసగా నిలబెడితే ఎవరికి నచ్చిన పిల్లను వాళ్లు తీసుకుపోతారట. తల్లి లేదు, తండ్రి ఓడ మీద యుద్ధంలో ఉన్నాడు. తనను ఎవరూ ఎంచుకోకపోతే ఏం గతి అని డోరిస్ భయం. ఇదంతా ప్రణాలికి సగం మాటల్లో, సగం సైగల్లో అర్థమైంది.

"ఐ ఆల్సో గో," అంది ప్రణాలి. "టుమారో. న్యూ విలేజ్."

"సైరన్?" అని అడిగింది డోరిస్.

"నో సైరన్."

మలీద తింటున్న తెల్ల బాపమ్మ ఆ మాటకు తలెత్తి చూసింది.

అప్పుడే ఇల్లు అదిరింది. మళ్లీ అదిరింది. గోడ మూల నుంచి సన్నగా మట్టి రాలడం ప్రణాలికి కనిపించింది. మట్టి అట్లా రాలితే గోడ కూలబోతోందని ఆమెకు పుట్టినప్పట్నుంచీ తెలుసు. అక్కడ సైరన్ మోగితే ఎవరూ బయటికి పోరనీ, లోపల నక్కి కూర్చోవాలనీ కూడా తెలుసు. అయినా భయం ముంచుకొచ్చేసరికి తన ఊరి పాఠమే గుర్తొచ్చింది.

"బాహేర్! బాహేర్ చలా!" అంటూ, బడిలో అలవాటైన మరాఠీలో, బయటికి పదండని అరిచి డోరిస్ చెయ్యి పట్టి లాగింది. తెల్ల బాపమ్మ రెండో చెయ్యి పట్టి లోపలికి లాగింది. ఎటూ తెగేలా లేదు. నితిన్ ఒక్క క్షణం చూశాడు. ముసలామె ప్రాణంలా చూసుకునే టీ కెటిల్ అందుకుని పెరట్లోకి పరుగు తీశాడు. ఆమె "దొంగ, దొంగ" అన్నట్టు కేకలేస్తూ, మోకాళ్ల నొప్పి మరిచిపోయి వాడి వెనక పడింది. పిల్లలిద్దరూ ఆమె వెనక పరుగెత్తారు.

పెరటి గోడ దగ్గరికి చేరారో లేదో, వెనక ఇల్లు కూలబడింది.

దుమ్ము తగ్గాక మెట్లూ లేవు, మెట్ల కింది గూడూ లేదు. తెల్ల బాపమ్మ ఆ కుప్ప వైపు రెండడుగులు వేసి ఆగింది. నితిన్ వెళ్లి కెటిల్ ఆమె చేతికిచ్చాడు. ఆమె వాణ్ని కొట్టలేదు. దగ్గరికి లాక్కుని నెత్తిన ముద్దు పెట్టుకుంది.

రెండో సైరన్ మొదలైంది. ప్రణాలి గాబరాగా చుట్టూ చూసింది. గూడు లేకపోతే గుమ్మిలోకి ఎట్లా పోవడం? వాకిట్లో బాపు ఎదురుచూస్తుంటాడు.

"అక్కా, గిది సూడు," అన్నాడు నితిన్.

పెరట్లో బొగ్గులు పోసుకునే పెద్ద పెట్టె. అచ్చం గుమ్మిలాగే పైన మూత, లోపల చీకటి. తెల్ల బాపమ్మకు సంగతి అర్థమైంది. మూత లేపి నితిన్‌ను దించింది, ప్రణాలిని దించింది. తర్వాత డోరిస్ వైపు తిరిగింది. కోటు గుండీకున్న అట్టముక్క పట్టుకుని ప్రణాలి కళ్లలోకి చూసింది.

"నో సైరన్?"

"నో సైరన్, బాపమ్మా."

ఆమె అట్టముక్కను పుటుక్కున తెంపేసింది. మనవరాలిని ఎత్తి పెట్టెలో దించింది. నువ్వూ రమ్మని డోరిస్ ఏడుస్తూ ఆమె చెయ్యి వదలలేదు. ఆమె తల అడ్డంగా ఊపి కూలిన ఇంటి వైపు చూపించింది. కొడుకు ఓడ దిగి వస్తే ఇంటి దగ్గర ఎవరో ఒకరు ఉండాలి కదా. కెటిల్‌ను డోరిస్ ఒళ్లో పెట్టి మూత మూసేసింది.

ఈ పక్క గుమ్మిలోంచి బొగ్గు మసితో నల్లబడ్డ పిల్లలు ఒకరి వెనక ఒకరు బయటికొచ్చారు. ఇద్దరు పోతే ముగ్గురొచ్చిన సంగతి చూసి వెంకటి నోరు తెరిచాడు. సారక్క డోరిస్ గడ్డం పట్టి ముఖం పైకెత్తి చూసింది.

"తల్లి లేని పిల్ల. నీళ్లు కాగబెట్టు స్వప్నా," అంది. 

లక్కడ్‌కోట్ బడిలో ఏ ఊరి పిల్ల అని పంతులు అడిగితే, లడాయి నుంచి వచ్చిందని స్వప్న చెప్పింది. ఆయన పేరు రాసుకున్నాడు.

కొన్నాళ్లు డోరిస్ మధ్యాహ్నమయ్యేసరికి కోటు గుండీలు పెట్టుకుని, మాస్కు పెట్టె మెడలో వేసుకుని, కొత్తింటికి తెచ్చుకున్న గుమ్మిని ఆనుకుని కూర్చునేది. మేకల మెడల్లో గంటలు తప్ప ఏమీ మోగేది కాదు. ఒక మధ్యాహ్నం ప్రణాలి వచ్చి చూస్తే ఆ పిల్ల చాప మీద నోరు తెరుచుకుని ఒళ్లు తెలియకుండా నిద్రపోతోంది. సారక్క మెల్లగా ఆ పెట్టె తీసి కొయ్యకు తగిలించింది. ప్రణాలికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

కోతలయ్యాక వెంకటి జొన్నలు తెచ్చి గుమ్మిలో పోయబోతే సారక్క అడ్డం నిలబడింది.

"బస్తాలల్ల నింపురా. గుమ్మి ఖాళీగుండాలె."

"ఎందుకే అవ్వా? ఈడ సైరనే లేదాయె."

"లడాయి అయిపోయిన నాడు ఆఖరి సైరన్ మోగదా? గది ఎంత దూరమైనా ఇనబడ్తది, గప్పుడు గుమ్మిలకు దిగాలె. ఆమె కెటిల్ మనింట్లనే ఉన్నది, ఉట్టిగ ఎట్లిస్తం?" అంటూ సారక్క లోపలికి వెళ్లి, తోమి బోర్లించిన కెటిల్ తెచ్చి మూత తీసి వాసన చూసి, మరోసారి కడగడానికి పంపు దగ్గరికి నడిచింది.