బాసరలో పూజ చేయించిన పెన్ను

"రేపు పొయ్యి ముట్టియ్యకు నవతా, దినమంత బయటనే" అన్నాడు మా ఆయన నిరంజన్, నేను గిన్నెలు తోముతుంటే వెనక నిలబడి. పీచు పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. పెళ్లయి పదకొండేళ్లయినా "ఇగో", "ఓయ్" తప్ప ఆ నోట నా పేరు వినలేదు. "పొద్దుగాల బాసర దర్శనం, పగటీలి నిర్మల్ల హోటల్ తిండి, పొద్దూకంగ సైకిల్ రేసు. జీతం తీస్కొని తొక్కేటోళ్లు వస్తుండ్రు. జిందగీల ఒక్కసారన్న సూడాలె" అని కూడా అన్నాడు.

పొయ్యి ముట్టించొద్దన్నది ఆయన, బయటి తిండి పడదన్నది మా అత్త కొమురవ్వ. కాబట్టి మంచిర్యాలలో కోడి కూయకముందే లేచి పులిహోర కలిపి డబ్బాకెత్తాను. కలుపుతున్నంతసేపూ ఒకటే ఆలోచన, ఈయనకింత ప్రేమ ఎక్కడి నుంచి ఊడిపడింది?

వారం కిందటే మా బాపు పోశంను కంపెనీ డాక్టర్లు అన్‌ఫిట్ చేశారు. ముప్ఫై ఏళ్లు బొగ్గుబావిలోకి దిగిన ఊపిరితిత్తులు మరి. అన్‌ఫిట్ అయిన మనిషి ఇంట్లో ఒకరికి కొలువిస్తారు, కొడుకుకో, అల్లుడికో. ఇప్పుడు కూతురికి కూడా ఇస్తున్నారు. నేను ఒక్కతే బిడ్డను. "నీ డిగ్రీ మూలకు పడ్డది బిడ్డా, కొలువు నువ్వే చెయ్యి" అన్నాడు బాపు ఫోన్లో. ఆ మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్పకుండానే, పోపు వేస్తూ రోజుకు పదిసార్లు మనసులో అనుకునేదాన్ని. ఎంత ఆశపడ్డానో నాకే సిగ్గనిపించేది.

కారులో ఎప్పుడూ మా కూతురు పట్టుకునే కిటికీ పక్క సీటు నాకిచ్చారు. అత్త తన సంచీ తనే మోసుకుంది. సీటు కింద నీలం ఫైలు ఒకటి కనిపించింది. బాసర గుడిలో పిల్లలందరూ పలకలు పట్టుకుని కూర్చుంటే, మా ఆయన ఆ ఫైలూ, దాని మీదొక కొత్త పెన్నూ పెట్టి అమ్మవారి ముందు పూజ చేయించాడు. "బిడ్డ సదువు కోసమా?" అని అడిగాను. "అన్నిటి కోసం" అన్నాడు, నా కళ్లలోకి చూడకుండా.

నిర్మల్ హోటల్లో మొదటి ముద్ద పనీర్ నా ప్లేటులోనే పడింది. బయటి తిండి పడని మా అత్త రెండుసార్లు బిర్యానీ పెట్టించుకుంది, నా పులిహోర డబ్బా మూత కూడా తెరవలేదు. "తిను బిడ్డా, సన్నగైనవ్" అంది. పోయిన నెల ఇదే నోరు "తినుడు గంత, పని గింత" అని వాడకట్టుకంతా వినిపించింది. మేకను మేపుతున్నారంటే దాని మీద ప్రేమతోనా?

ఊరి బయట రోడ్డుకు రెండు పక్కలా జనం. సైకిళ్లు ఝుమ్మని వచ్చాయి. ఎర్రచొక్కాల జట్టువాళ్లు నలుగురు ఒకరి వెనక ఒకరు అతుక్కుని తొక్కుతున్నారు. మా ఆయన హుషారుగా మా బిడ్డకు చెప్పసాగాడు. "ముందున్నోడు గాలిని కోస్తడు బిడ్డా. ఎనకున్నోడు అలిసిపోకుంట వస్తడు. ఆఖరికి ముందోడు పక్కకు జరుగుతడు, ఎనకోడు ఉరికి గెలుస్తడు."

"మరి ముందోనికి కప్పు ఇయ్యరా?" అడిగింది మా బిడ్డ.

"పక్కకు జరిగినోన్ని ఎవలు జూస్తరే?"

నేను చూశాను. అతను పక్కకు తప్పుకుని, నోరు తెరుచుకుని, మెల్లగా మా ముందు నుంచే పోయాడు. అందరూ గెలుపు గీత దగ్గరికి పరుగెత్తారు. నాకెందుకో దుఃఖం పొంగుకొచ్చింది. ఒక్కదాన్నే నిలబడి అతని కోసం చప్పట్లు కొట్టాను.

తిరిగొచ్చేసరికి కారు బానెట్ మీద నీలం ఫైలు తెరిచి ఉంది. "నవతా, జర ఇక్కడ సంతకం వెట్టు. చిన్న కాయితమే."

"సదువుకొని వెడత."

"సదువుడేంది, పరాయోడా? నీ మొగడే గదా!" అంది అత్త.

చదివాను. 'నా తండ్రి ఉద్యోగం నా భర్తకు ఇచ్చుటకు నాకు ఎలాంటి అభ్యంతరం లేదు' అని ఉంది. కింద సాక్షి స్థానంలో అత్త వేలిముద్ర అప్పటికే ఆరిపోయి ఉంది. నేను పెట్టని సంతకానికి సాక్షి! ఎంత ధైర్యం వీళ్లకు! పొద్దుటి నుంచి తిన్నదంతా చేదైంది.

"బాపు కొలువు నన్ను చెయ్యమన్నడు" అన్నాను.

"ఆడిదానికి బావి కొలువేంది? పోరినెవలు జూస్తరు, వంటెవలు చేస్తరు? ఎవలు చేస్తేంది, ఇల్లు ఒక్కటే గదా!" అన్నాడు మా ఆయన.

"ఒక్కటే గదా. మరి నేను చేస్తేంది?"

అత్త "అయ్యో, గిదేం ఇడ్డూరమో!" అని బుగ్గ నొక్కుకుంది. కాగితం మడిచి ఫైలులోనే పెట్టాను. పెన్ను మాత్రం మూత బిగించి నా సంచీలో వేసుకున్నాను.

"ఇగో! పెన్నెందుకు?" అరిచాడు. పొద్దుటి నుంచి నవతా నవతా అన్న నోరే.

"సోమారం బాపుతోటి ఆఫీసుకు పోతున్న. దరఖాస్తు దీంతోనే రాస్త" అన్నాను కారు తలుపు తీస్తూ. "నా పేరు ఇగో గాదు, నవత. దరఖాస్తుల గదే ఉంటది."