నిమ్మకాయ దొర్లిన వైపు

తెల్లారగానే గంగులమ్మ వాకిలి ఊడ్చి, నీళ్ళు చల్లి, ముగ్గేసి, గడప మీద ఒక నిమ్మకాయ పెడుతుంది. ఆ లైనులో అందరిదీ అదే అలవాటు. కొందరు పాలప్యాకెట్టు వచ్చాక పెడతారు, కొందరు ముందే పెడతారు, అంతే తేడా. నిమ్మకాయ ఎటు దొర్లితే ఆ రోజు నేల అటు వాలిందని లెక్క. దాన్నిబట్టి మంచం కోళ్ళ కింద రాళ్ళు సర్దుకోవాలి, బిందెలు ఏ గోడకి చేర్చాలో చూసుకోవాలి. ఆ పని అయ్యాక నిమ్మకాయని కడిగి మధ్యాహ్నం అన్నంలోకి పిండుకుంటారు.

కోలారు బంగారు గనుల మీద వరసగా కట్టిన కూలీల ఇళ్ళు అవి. కింద నేలంతా బోలు. తవ్వినన్నాళ్ళు తవ్వి గనులు మూసేసినా, చిత్తూరు వైపు నుంచి పనికొచ్చిన కుటుంబాలు ఆ ఇళ్ళలోనే ఉండిపోయాయి. లైను మొత్తం నీళ్ళ మీద పడవలాగా అప్పుడప్పుడూ ఒరుగుతుంది. ఎటు పడితే అటు ఒరగదు. ఏ ఇంట్లో మనసు బరువుగా ఉంటే ఆ ఇంటివైపు ఒరుగుతుంది. హనుమక్క మొగుడు పోయినప్పుడు వీధి కుళాయి నీళ్ళన్నీ ఆమె వాకిటికి పారాయి. రామాంజినప్ప మనవరాలు పరీక్ష తప్పినప్పుడు తోపుడుబండి మీది టమోటాలన్నీ వాళ్ళింటికే పోయాయి, పులుసు పెట్టుకోలేక చచ్చారు.

వాలిన ఇంటికి పోయి కాసేపు కూర్చుని రావడం పద్ధతి. తినడానికి ఏదైనా పట్టుకుపోవాలి. గోడకి వీపు ఆనించి కూర్చుని, మామూలు మాటలు మాట్లాడాలి. ఏమైందని మాత్రం అడగకూడదు. అట్లా నలుగురు కూర్చుంటే ఆ ఇంటి బరువు తగ్గి నేల మెల్లగా సరవుతుంది. మగవాళ్ళు గనిలోకి దిగే కాలం నుంచీ ఇదే నడుస్తోంది. అంతవరకూ ఎవరూ ఎగ్గొట్టలేదు.

గంగులమ్మకి ఈమధ్య మరుపు ఎక్కువైంది. గ్యాసు కట్టేశానా లేదా అని వీధి చివరిదాకా పోయి వెనక్కి వస్తుంది. మర్చిపోకూడదనుకున్న సంగతికల్లా కొంగుకి ఒక ముడి వేసుకుంటుంది. సాయంత్రానికి కొంగు మొత్తం ముడులే. ఏ ముడి దేనికో గుర్తుండదు. ఆమె మనవడు అంబరీష్ రాబర్ట్‌సన్‌పేటలో ఫోన్లు రిపేరు చేసే అంగడి నుంచి వచ్చి, పక్కన కూర్చుని, ఒక్కొక్క ముడీ విప్పుతూ ఇది మాత్రకి, ఇది పాలాయనకి అని చెప్పేవాడు. తల్లి మాల చీకటితో రైలెక్కి బెంగుళూరు గార్మెంట్స్‌కి పోయి దీపాలు పెట్టాక వస్తుంది కాబట్టి, ఇంట్లో అవ్వకి వాడు, వాడికి అవ్వ.

ఒకనాడు గంగులమ్మ అనపగింజలు పితుకుతుంటే వాడు పక్కన కూర్చుని చాలాసేపు తొక్కలతో ఆడి, చివరికి అన్నాడు.

"అవ్వా, నాకు ఆడపిల్లల మీదికి మనసు పోదు. తమక ఊర్లో పురుషోత్తమ్ అని ఉండాడు. నాకు వాడంటే ఇష్టం."

"అట్లనా," అంది గంగులమ్మ. "ఏం పని చేస్తాడు?"

"పట్టుగూళ్ళ మార్కెట్లో తూకం కాడ ఉంటాడు."

"మంచిది. గింజలు పితుకు, ఊరికే కూచోకుండా."

ఇది మర్చిపోకూడదని కొంగుకి ముడి వేసింది. కొన్నాళ్ళకి ఆ ముడి పట్టుకుని, ఇది దేనికిరా అని అడిగింది. వాడు మళ్ళీ చెప్పాడు. "అట్లనా, ఏం పని చేస్తాడు?" అంది. మొదటిసారి తొక్కల వైపు చూస్తూ చెప్పాడు. తర్వాత తర్వాత నవ్వుతూ చెప్పేవాడు. ఒకే మాట చెప్పి అన్నిసార్లు 'అట్లనా' అనిపించుకున్నాక, లోకమంతా అట్లాగే అంటుందని అనుకున్నాడేమో.

అంబరీష్‌కి స్కేట్‌బోర్డంటే ప్రాణం. దొరల కాలం నాటి క్లబ్బు వెనక ఒక ఈతకొలను ఉంది. నీళ్ళెండి ఎన్నో ఏళ్ళయింది. గిన్నె అడుగులాగా నున్నగా, గుండ్రంగా ఉంటుంది. బెంగుళూరు నుంచి వచ్చిన ఒకాయన అందులో బోర్డు మీద తిరిగి చూపించి, పాత బోర్డులు కొన్ని వదిలిపోయాడు. అప్పటినుంచి లైను పిల్లలకి సాయంత్రాలన్నీ ఆ కొలనులోనే. కదిలే నేల మీద నేర్చుకున్న పిల్లలు కాబట్టి వాళ్ళు అంత సులువుగా పడరు. అందరిలోకీ మేటి శివరాజ్. ఎదురు వరస మునిలక్ష్మి కొడుకు. వాడూ అంబరీషూ చిన్నప్పుడు ఒక చాప మీద నిద్రపోయినవాళ్ళు.

ఆ శివరాజే ఒక ఆదివారం గని మట్టిదిబ్బ మీద అంబరీష్, పురుషోత్తమ్ చెయ్యి చెయ్యి పట్టుకుని కూర్చోవడం చూశాడు. మరునాడు సాయంత్రం కొలనులో వాడూ ఇంకో ముగ్గురూ అంబరీష్‌ని చుట్టుకున్నారు. తమిళంలో తొమ్మిది అనే అంకెని ఆడంగి అనే తిట్టుగా మార్చి, "ఒంబోదు, ఇది మగోళ్ళ ఆట మచ్చా, నీకేం పని?" అన్నారు. మొదటి దెబ్బ శివరాజే వేశాడు. తర్వాత అంబరీష్ బోర్డు లాక్కుని దాంతోనే కొట్టారు. ఎడమచేతి మణికట్టు విరిగింది. బోర్డు రెండు ముక్కలైంది. కొలనులో ఆడే పిల్లల్లో ఉన్న ఒకే ఆడపిల్ల చైత్ర అడ్డంపడి, అరిచి, వాణ్ణి భుజం మీద మోసుకుని ఇంటికి తెచ్చింది.

చేతికి సిమెంటు కట్టు వేయించుకుని వచ్చి అంబరీష్ లోపలి గదిలో గోడవైపు తిరిగి పడుకున్నాడు. పోలీస్ స్టేషన్‌కి పోదామని మాల అంటే వద్దన్నాడు. బోర్డు ముక్కల్ని పొయ్యిలో పెట్టెయ్యమన్నాడు. ఇంక ఆ కొలను మొహం చూడనన్నాడు. బెంగుళూరులో ఒక గది చూడమని పురుషోత్తమ్‌కి ఫోను చేశాడు.

మరునాడు లైనులో ప్రతి గడప మీది నిమ్మకాయా గంగులమ్మ వాకిటికే దొర్లింది.

ఎవరూ రాలేదు. నిమ్మకాయలు ఏరుకోవడానికి కూడా రాలేదు. అందరూ మంచం కోళ్ళ కింద ఇంకో రాయి పెట్టుకున్నారు. గంగులమ్మ ఊరగాయ పెట్టుకుంది.

నేల ఇంకా వాలింది. కోడిపెట్టలు పక్కవాటుగా నడవడం నేర్చుకున్నాయి. రామాంజినప్ప కంచంలోని రాగిముద్ద ఎగిరి వీధిలో పడి దొర్లుతుంటే ఆయన పంచె ఎగ్గట్టి వెంటపడ్డాడు.

"ఇంత వాలు నేను గనిలో బండలు పేలినప్పుడు కూడా చూళ్ళేదు తల్లీ," అన్నాడు రొప్పుతూ. "ఎవురన్నా పోయి కూచోరాదా?"

"పోయి ఏం మాట్లాడేది మామా?" అంది మునిలక్ష్మి. "ఏమైందని అడక్కూడదు. అందరికీ తెలిసే ఉండాది. తెలిసినాక మొహం యాడ పెట్టుకునేది?"

"నువ్వు పో, మామా," అంది మళ్ళీ మునిలక్ష్మే.

"నా ముద్దకి మట్టయింది," అని ఆయన లోపలికి పోయాడు.

అప్పుడు బోర్డులు మొదలుపెట్టాయి. కొలనులో పిల్లలు కాలు పెట్టేలోపు బోర్డు కిందనుంచి జారి, గట్టెక్కి, వీధులన్నీ తిరిగి గంగులమ్మ గడపకి తగిలి ఆగేది. ఆమె వాటిని మంచం కిందికి తోసేది. ఎవరి బోర్డు వాళ్ళు వచ్చి అడిగి తీసుకోవాల్సిందే.

మొదట చైత్ర వచ్చింది. పల్లీల చిక్కీ తెచ్చి, గోడకానుకుని కూర్చుని, లోపలి గదివైపు చూస్తూ, కొత్తగా నేర్చుకున్న మలుపు గురించి గంగులమ్మకి చెప్పింది. గంగులమ్మకి ఒక్క ముక్క అర్థం కాకపోయినా పడిపోతావు తల్లీ జాగ్రత్త అంది. ఆ రోజు నేల ఒక వెంట్రుకవాసి లేచింది.

తర్వాత శివరాజ్ వచ్చాడు. లోపలికి రాకుండా గడప దగ్గరే నిలబడ్డాడు.

"అవ్వా, నా బోర్డు."

"రాప్పా, మునిలక్ష్మి కొడుకు కదా నువ్వు," అంది గంగులమ్మ. బోర్డు చేతికిస్తూ కొంగు పట్టుకుని ముడులు తడుముకుంది. "మావాణ్ణి ఎవురో కొట్టినారంట. చెప్పినారు నాకు, మర్చిపోయినా. ఎవురప్పా కొట్టింది?"

"తెల్దవ్వా," అని వాడు పోయాడు.

ఆ బోర్డు మరునాడు మళ్ళీ వచ్చింది. దాని వెనక శివరాజూ వచ్చాడు.

"రాప్పా. మావాణ్ణి ఎవురో కొట్టినారంట. ఎవురు?"

"నిన్న చెప్పినా కదవ్వా."

"చెప్పినావా? ఏమని చెప్పినావు?"

వాడు గడప వైపు చూశాడు. "పిల్లోళ్ళు," అన్నాడు.

"ఏ పిల్లోళ్ళు?"

వాడు బోర్డు చంకలో పెట్టుకుని గబగబా పోయాడు. ఆమె నిజంగా మర్చిపోతోందో, కావాలనే అడుగుతోందో లైనులో ఎవరికీ తెలియలేదు. ఆమెకి తెలుసా అంటే అదీ చెప్పలేం.

ఆ వారం చివర్న మునిలక్ష్మి రుబ్బురోలు పొత్రం, పిండితో సహా, దడదడమంటూ వీధంతా దొర్లి గంగులమ్మ తలుపుకి గుద్దుకుంది. పొత్రాన్ని వదులుకోలేక మునిలక్ష్మి రాక తప్పలేదు. ఉత్తచేతులతో రావడానికి సిగ్గుపడి గిన్నెలో పితికిపప్పు కూర తెచ్చింది. కూర్చుంది. ఉప్పు చాల్లేదంది గంగులమ్మ. నీ నాలిక చచ్చిందంది మునిలక్ష్మి. ఇద్దరూ అట్లా పోట్లాడుకుంటుండగా చైత్ర వచ్చింది, రామాంజినప్ప కూడా వచ్చాడు. అప్పుడు గడపలో శివరాజ్ నిలబడ్డాడు, బోర్డు కోసం.

"రాప్పా," అంది గంగులమ్మ. "మావాణ్ణి ఎవురో కొట్టినారంట."

శివరాజ్ తల్లిని చూశాడు. తల్లి వాణ్ణి చూసింది. లోపలి గదిలో మంచం కిర్రుమంది.

"నేనే అవ్వా," అన్నాడు. "మొదట నేనే కొట్టినా."

గంగులమ్మ కొంగు తీసుకుని, చివర ఒక పెద్ద ముడి వేసి, పళ్ళతో లాగి బిగించింది. "ఇంగ మర్చిపోను," అంది.

మునిలక్ష్మి లేవలేదు, అరవలేదు. "లోపలికొచ్చి కూచో," అంది కొడుకుతో. "మాల రానీ. స్టేషన్‌కి పోదామంటే నేనే నిన్ను చెయ్యిపట్టి తీసుకపోతా."

వాడు గోడకి వీపానించి కూర్చున్నాడు.  అంబరీష్ లోపలినుంచే అడిగాడు.

"ఎందుకు కొట్టినావు రా?"

"మనిద్దరం చిన్నప్పట్నుంచి కలిసి తిరిగినాం," అన్నాడు శివరాజ్. "నువ్వు అట్లాంటోడివంటే నన్నూ అంటారని భయమేసింది."

"ఇప్పుడు ఏమనుకున్నారు నిన్ను?"

శివరాజ్ గోడ సున్నం గోటితో గీకాడు.

"చెయ్యి ఇంగా నొస్తా ఉండాది," అన్నాడు అంబరీష్. "పర్వాలేదని నేను అనను. మునిలక్ష్మత్తా, స్టేషన్ వద్దులే. రోజూ వచ్చి ఈడ కూచోమను."

వాడు రోజూ వచ్చి కూర్చున్నాడు. తక్కిన ముగ్గురినీ కూడా తెచ్చి కూర్చోబెట్టాడు. నేల సరైంది. జనం మంచాల కిందనుంచి రాళ్ళు తీసి బయటపడేశారు. అంబరీష్ ముందుగదిలోకి వచ్చి అన్నం తిన్నాడు. కానీ బోర్డు మాట ఎత్తితే మొహం తిప్పుకునేవాడు. పురుషోత్తమ్ గది చూశాడు. మాల చక్రాల పెట్టె ఒకటి కొనుక్కొచ్చి, కొడుకు బట్టలు మడిచి అందులో పెట్టింది.

బయలుదేరే రోజు పొద్దున గంగులమ్మ గడప మీద నిమ్మకాయ పెట్టింది. అది కాసేపు నిలబడింది. తర్వాత ఇంట్లోకి కాకుండా, ఎదురింటికీ కాకుండా, వీధిలోకి దిగి తిన్నగా క్లబ్బు దారి పట్టింది. అన్ని గడపల నిమ్మకాయలూ దాని వెనకే.

"ఆ పక్క ఇల్లేదీ లేదే," అంది హనుమక్క.

వాకిట్లో పెట్టిన చక్రాల పెట్టె కదిలింది. అంబరీష్ పట్టుకునేలోపు వీధిలో పడింది. వాడు దాని వెనక పరుగెత్తాడు. మాల వాడి వెనక, రైలుకి టైమైందిరా అంటూ. తీసుకుపోదామని అప్పుడే బస్సు దిగిన పురుషోత్తమ్‌కి పెట్టె ఎదురుగా వచ్చింది. పట్టుకోబోయి దాని మీదనే కూర్చుని, కాళ్ళు చాపి, పొయ్యేచోటికి పోయాడు.

పెట్టె ఎండిన ఈతకొలను అడుగున ఆగింది. నిమ్మకాయలన్నీ దాని చుట్టూ చేరాయి. పురుషోత్తమ్ లేచి బట్టలు దులుపుకుంటున్నాడు. గట్టు మీద అంబరీష్ ఆగిపోయాడు. వాడు అక్కడ దెబ్బలు తిన్నాక మళ్ళీ రావడం అదే మొదటిసారి. బరువు మిగిలిపోయిన ఆ చోటికి ఇంతవరకూ ఎవరూ వచ్చి కూర్చోలేదు.

బోర్డులతో పాటు వచ్చిన పిల్లలు అవతలి గట్టున ఉన్నారు. "నేను దిగి తెస్తా," అని శివరాజ్ ఒక కాలు పెట్టాడు.

"నువ్వుండు," అన్నాడు అంబరీష్.

చైత్ర తన బోర్డు వాడి కాళ్ళ దగ్గర పెట్టింది. వాడు కట్టుకట్టిన చెయ్యి ఛాతీకి ఆనించుకుని, బోర్డు ఎక్కి, అంచు మీదనుంచి దిగాడు. ఆ గిన్నెలో ఒక చుట్టు తిరిగాడు. ఆగలేదు. ఇంకో చుట్టు తిరిగాడు. మూడో చుట్టులో, గట్టుదాకా నడిచొచ్చిన గంగులమ్మకి వాడి నవ్వు వినబడింది.

అప్పటికి లైనంతా వచ్చేసింది. వాలిన చోటు కాబట్టి చాపలు తెచ్చారు. ముసలివాళ్ళని మెట్ల మీదనుంచి చెయ్యిపట్టి దించారు. మునిలక్ష్మి కాఫీ కెటిలుతో దిగింది. రామాంజినప్ప బొరుగుల ఉగ్గాని పొట్లం విప్పాడు. అందరూ కొలను గోడకి వీపులానించి కూర్చుని, అనపకాయల ధర గురించి మాట్లాడుకున్నారు. మధ్యలో అంబరీష్ తిరుగుతూనే ఉన్నాడు. దూరంగా బెంగుళూరు రైలు కూత వేసి పోయింది. మాల తల తిప్పింది గానీ లేవలేదు, ఆమె చేతిలో కాఫీ ఇంకా వేడిగా ఉంది. నిమ్మకాయలు ఎక్కడివక్కడే నిలబడ్డాయి.

అంబరీష్ వచ్చి చెమటతో అవ్వ పక్కన కూలబడ్డాడు. అటుపక్క పురుషోత్తమ్ కూర్చుని ఉగ్గాని తింటున్నాడు. గంగులమ్మ కొంగులో ఒక పాత ముడి పట్టుకుని చూసింది.

"ఇది దేనికిరా?"

"నాకు ఒకబ్బాయంటే ఇష్టమని చెప్పింటి అవ్వా. దానికి."

"అట్లనా. ఏం పని చేస్తాడు?"

"నన్నే అడగవ్వా," అన్నాడు పురుషోత్తమ్. "నేనే వాణ్ణి."

గంగులమ్మ వాడి మొహం బాగా చూసింది. తర్వాత గోళ్ళతో ఆ ముడి విప్పేసి, కొంగు సాపుగా దులిపి భుజం మీద వేసుకుంది.

"ఇంగ ముడి ఎందుకు?" అంది. "రోజూ వచ్చి కనబడితే సరిపాయె."