చావుకు రాని మనిషి

నేను బోర్డులు రాసేవాణ్ణి. పైన దుకాణం పేరు, కింద ఫోను నంబరు, మూలన నా సంతకం. రాసిచ్చాక అది ఎండకు వెలిసేదాకా వాళ్లకు నాతో పని ఉండేది కాదు. మా అమ్మాయి వ్యాపారం వేరు. అవే దుకాణాలకు వెబ్‌సైట్లు కట్టి నెలనెలా అద్దెకిస్తుంది. బోర్డును అద్దెకివ్వడమేమిటని మొదట్లో నవ్వాను. ఇప్పుడు నా రంగుడబ్బాలు ఉండిన ముందుగదిలో ఆమె బల్ల ఉంది, బల్ల పక్కన నాకొక స్టూలు ఉంది. బోర్డు రాసినవాడి కూతురని నమ్మి సైట్లు తీసుకున్నవాళ్ల దగ్గరికి వెళ్లి, వాళ్ల సణుగుడు వినిరావడం నా పని. సైట్ల పాస్‌వర్డ్ రాసిన చీటీ నా జేబులోనే ఉంటుంది.

వెబ్‌సైట్ కట్టినంత మాత్రాన అయిపోదు. అది రాత్రింబవళ్లు తెరిచి ఉండాలంటే ఎవరిదో ఒక యంత్రంలో ఉండాలి. ఆ యంత్రం సర్వర్. దాన్ని కాచుకుంటూ మనకు చోటిచ్చేవాడు హోస్టింగ్ వాడు. మొదటినుంచీ మా సైట్లన్నీ నా తోడల్లుడి దగ్గరే ఉండేవి. మా ఆవిడ చెల్లెలి భర్త. ఊరి చివర ఒక చల్లటి గదిలో యంత్రాల మధ్య కూర్చుంటాడు. "మనవాడుండగా పరాయివాళ్లెందుకు" అని మా ఆవిడే అక్కడ పెట్టించింది.

ఆవిడ పోయిన రోజు అతను రాలేదు.

మరదలు ఒక్కతే వచ్చింది. గదిని చల్లబరిచే మిషను కాలిపోయిందట, యంత్రాలు మాడిపోయేట్టున్నాయట, వదిలి రాలేనన్నాడట. మర్నాడు సాయంత్రం దిగాడు. నా ఎదురుగా కూర్చుని చాలాసేపు చేతులు నలుపుకున్నాడు. "అన్నయ్యా, సైట్లు ఒక్క నిమిషం కూడా ఆగలేదు" అన్నాడు.

అదీ పరామర్శ. నేను లేచి లోపలికి వెళ్లాను. ఆ తరవాత అతనితో మాట్లాడలేదు.

రెండేళ్లు గడిచాయి. హోస్టింగ్ ఒప్పందం తిరగరాసుకోవలసిన సమయం వచ్చింది.

"ఇంకొకళ్లని చూద్దాం" అన్నాను.

"ఎందుకు నాన్నా? బాబాయి దగ్గర ఏం తక్కువైంది?"

"మనిషి తక్కువైంది."

అమ్మాయి కుర్చీ నావైపు తిప్పింది. "పళ్ల డాక్టరు ఏమన్నాడో గుర్తుందా?"

గుర్తుంది. పళ్ల డాక్టరుకు ఊరంతా క్లినిక్కులే. ఏ రోగి ఏ క్లినిక్కుకు ఎప్పుడు రావాలన్నది మా సైటులోనే నమోదవుతుంది. ఒక్కపూట ఆగినా ఇంకొకళ్లని చూసుకుంటానన్నాడు. అతను పోతే అతని బామ్మర్ది కళ్లద్దాల కొట్టు పోతుంది. వాళ్లిద్దరినీ చూసి వచ్చినవాళ్లు వరసగా పోతారు. అమ్మాయి బ్యాంకు ఉద్యోగం మానేసి ఇందులో దిగింది. ఇది మునిగితే ఆ బ్యాంకు ఆమెను మళ్లీ ఉద్యోగంలోకి కాదు, గుమ్మంలోకి కూడా రానివ్వదు.

"అయితే నువ్వే వెతుకు" అంది. "అమ్మ విషయంలో నీ కోపం నీది, కాదనను. కానీ సైటు ఆగకూడదు. తేడా వస్తే మునిగేది నేను."

ఒప్పుకున్నాను.

రంగు కొనేముందు గోడమీద ఒక గీత గీసి ఎండకు వదిలేయడం నా అలవాటు. డబ్బామీద ఏం రాశారన్నది నేను చదవను. వీళ్లను కూడా అలాగే చూడాలనుకున్నాను. అందరికీ ఒకటే మాట చెప్పాను. ఇంట్లో మనిషి పోయింది, సైటు ఆగింది, ఏం చేస్తారు?

మొదటిది మహా పెద్ద కంపెనీ. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అని చాలాసేపు పాట వినిపించి, చివరికి ఒక పిల్లవాణ్ణి కలిపారు. గొంతులో తేనె పోసుకున్నాడు.

"మీ బాధ నేను పూర్తిగా అర్థం చేసుకోగలను సర్."

"నీకు పెళ్లయిందా?"

"కాలేదు సర్."

"మరెట్లా అర్థమైంది?"

"మీ బాధ నేను పూర్తిగా అర్థం చేసుకోగలను సర్" అని మళ్లీ మొదలెట్టాడు. పెట్టేసేముందు, తన ఓదార్పుకు ఐదింటిలో ఎన్ని నక్షత్రాలు ఇస్తానో చెప్పమన్నాడు.

రెండో కంపెనీకి ఫోనే లేదు. తెరమీద రాయాలి. రాశాను. మనిషో మరబొమ్మో తెలియదు, రెప్పపాటులో జవాబొచ్చింది. "చింతించకండి. పోయినది ఏదైనా ముప్పై రోజులలోపు అడిగితే తిరిగి తెచ్చి ఇస్తాం."

ఆవిడ పోయి రెండేళ్లు. గడువు దాటింది.

మూడోది ఊళ్లోదే. ఫర్నిచర్ దుకాణం మీద రెండో అంతస్తు. మెట్లెక్కి వెళ్తే తలుపుకు తాళం, తాళం మీద కాగితం. "మా దగ్గర పనిచేసే అబ్బాయి నాన్నగారు పోయారు. అందరం అక్కడికి వెళ్తున్నాం. రేపు వస్తాం." ఆ కాగితం ముందు నేను కాసేపు నిలబడ్డాను. ప్రపంచంలో ఇంకా మనుషులున్నారనిపించింది.

ఇంటికొచ్చి చెప్పాను. "దొరికారు. చాలా మంచివాళ్లు."

"మాట్లాడావా?"

"లేదు. తాళం వేసుంది."

అమ్మాయి తల పట్టుకుంది. "తాళం వేసుంటే మంచివాళ్లా?"

"చావుకెళ్లారు. అందరూ."

"అందరూ వెళ్తే సర్వర్లు ఎవరు చూస్తున్నారు నాన్నా?"

"నీకు ప్రతిదానికీ వంకే. మీ అమ్మ పోలిక."

ఆమె తన లెక్కలు తను చూసుకుంది. ఆ కంపెనీ సైట్లు ఏడాదిగా ఎక్కడా ఆగినట్టు లేదు. "పనితనమో, అదృష్టమో తెలియడంలేదు" అంది. నేను మర్నాడే వెళ్లి యజమానిని కలిశాను. లావుపాటి మనిషి, చెమట తుడుచుకుంటూ మాట్లాడతాడు. మీవాళ్లలో ఎవరైనా పోతే వెళ్తారా అని సూటిగా అడిగాను.

"ఎంత మాటండీ! వెళ్లకపోతే ఎట్లా? మనుషులం కదా?"

అక్కడే మాటిచ్చేశాను.

సైట్లు తీసేస్తున్నామని తోడల్లుడికి అమ్మాయే చెప్పింది. "ఏమన్నారో తెలుసా? ఫైళ్లన్నీ సర్ది ఉంచుతాను, ఎప్పుడు కావాలో చెప్పమ్మా అన్నారు. అంతే."

"సిగ్గు లేకపోతే సరి" అన్నాను.

ఎండలు ముదిరేదాకా బాగానే నడిచింది. ఒకరోజు పొద్దున నేను షూ లేసు కట్టుకుంటుండగా అమ్మాయి ముందుగదిలోంచి పిలిచింది. గొంతు తేడాగా ఉంది.

పళ్ల డాక్టరు సైటు ఆగింది. అన్నీ ఆగాయి. సర్వర్లో డిస్కు నిండిపోయిందని ఆమె అంచనా. పనికిరానివి తీసేస్తే లేచి కూర్చుంటుంది, కానీ సర్వర్ తాళం వాళ్ల చేతిలో ఉంది. వాళ్ల ఆఫీసు ఫోను మోగి మోగి ఆగిపోతోంది.

"మన దగ్గర నకలు లేదా?"

"వారం కిందటిది ఉంది. ఈ వారం ఎవరెవరికి ఏ టైం ఇచ్చారో అందులో లేదు."

పళ్ల డాక్టరు ఫోను చేశాడు. అమ్మాయి ఫోను చెవికి దూరంగా పట్టుకుంది. నాకూ వినబడింది. "హాల్లో జనం బుగ్గలు పట్టుకుని కూర్చున్నారమ్మా! నా టైమంటే నా టైమని కొట్టుకుంటున్నారు! ఒకడికి పన్ను పీకేశాక తెలిసింది, వాడు శుభ్రం చేయించుకోవడానికొచ్చాడట! మధ్యాహ్నంలోపు రాకపోతే మీకూ నాకూ చెల్లు!"

నేను ఫర్నిచర్ దుకాణం మెట్లెక్కాను. తాళం. కాగితం. "మా యజమాని గారి అమ్మగారు పోయారు. అందరం అక్కడికి వెళ్తున్నాం. రేపు వస్తాం."

కింద దుకాణంవాడిని అడిగితే ఇల్లెక్కడో చెప్పాడు.

సందులో నీడకోసం గుడ్డ కట్టారు. అద్దె కుర్చీలు వరసగా వేశారు. వాకిట్లో పెద్దావిడను పడుకోబెట్టారు. లావుపాటి యజమాని ఆవిడ తల దగ్గర నేలమీద కూర్చున్నాడు. నన్ను చూసి లేచి, గబగబా వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"మీరు కూడా వచ్చారా! ఇంతమంది కస్టమర్లున్నారు, మీరొక్కరే వచ్చారండీ."

జేబులో ఫోను కొట్టుకుంటోంది. అమ్మాయి.

"మీ సర్వర్ ఆగిపోయింది" అన్నాను.

అతనికి అర్థం కాలేదు. "ఏంటండీ?"

"డిస్కు నిండిపోయిందట. మా అమ్మాయి చెప్పింది. మీరు చూస్తే పది నిమిషాల పనట."

చేతులు వదిలేశాడు. "మా అమ్మండీ."

"చూశాను."

"ఇంకాసేపట్లో బండి వస్తుంది."

"అందుకే ఇప్పుడే అడుగుతున్నాను."

నా ముఖంలోకి అలాగే చూశాడు. నేను కళ్లు దించుకోలేదు. దించుకుంటే అతను వెళ్లి మళ్లీ తల్లి దగ్గర కూర్చునేవాడు. చివరికి వెనక్కి తిరిగి, ఎవరికీ చెప్పకుండా లోపలి గదిలోకి వెళ్లాడు. నేను వెంట వెళ్లి తలుపు దగ్గర నిలబడ్డాను. కంప్యూటర్ వెలుగు అతని ముఖం మీద పడింది. ముక్కు ఎగబీలుస్తూ టకటకా కొడుతున్నాడు.

వాకిట్లో కబురు పాకింది. ముందు ఒక ముసలావిడ వచ్చింది. "వీడేడి? ఎక్కడికి పోయాడు?"

"పనిలో ఉన్నారండీ" అన్నాను.

"పనా? ఇవాళ పనేంటి, నీ మొహం!"

వెనకే అతని అన్న వచ్చాడు. తలుపు సందులోంచి చూశాడు. "తల్లిని వాకిట్లో పెట్టుకుని కంప్యూటరు ముందు కూర్చున్నాడా! వీడసలు మనిషేనా? ఆ పెట్టె కన్నదా వీణ్ణి?" నావైపు తిరిగాడు. "ఎవరయ్యా నువ్వు?"

"కస్టమర్ని."

"బుద్ధుందా నీకు?"

"పని కాగానే వెళ్లిపోతాను."

"పైగా జవాబొకటి!"

ముసలావిడ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఇదెక్కడి పీడరా నాయనా. పోయినావిడ ఎంత గోలపెట్టేది, ఆ డబ్బాలు వద్దురా, దుకాణం పెట్టుకోరా అని."

వాళ్లు అన్న మాటలు నాకు కొత్తవి కావు. నా తోడల్లుడి గురించి నేను రెండేళ్లుగా అంటున్నవే. వాటిలో తప్పు మాట ఒక్కటీ లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. తలుపుకు అడ్డంగా మాత్రం అలాగే నిలబడ్డాను.

బండి వచ్చింది. పెద్దావిడను ఎక్కించారు. డ్రైవరు ఇంజను ఆపలేదు.

"త్వరగా కానివ్వండి సార్, నాకింకో ఇల్లుంది."

"పోనీయ్" అన్నాడు అన్న. "వాడికి పెట్టెలే ఎక్కువైతే వాడి ఖర్మ."

నేను తలుపు వదిలేసి వెళ్లి బండి ముందు నిలబడ్డాను. డ్రైవరు హారను కొట్టాడు. నేను కదల్లేదు.

"కన్నకొడుకు రాకుండా బండెట్లా కదుపుతారు?" అని అరిచాను. "ఇదేం పద్ధతి?"

సందంతా నన్నే చూసింది. అన్న తల కొట్టుకున్నాడు. ఆ మనిషిని లోపల కూర్చోబెట్టినవాణ్ణి నేనే కదా.

జేబులో ఫోను మళ్లీ మోగింది. "వచ్చింది నాన్నా! సైట్లన్నీ లేచాయి. పళ్ల డాక్టరుకు చెప్పేశాను, ఈసారికి వదిలేస్తానన్నాడు."

అప్పుడే యజమాని బయటికొచ్చాడు. నా పక్కనుంచి వెళ్తూ ఆగాడు. నావైపు చూడలేదు.

"నెలాఖరుదాకా మీ సైట్లు ఉంచుతాను. ఈలోపు ఇంకొకర్ని చూసుకోండి."

బండెక్కి తల్లి పక్కన కూర్చున్నాడు. నేను పక్కకు తప్పుకున్నాను.

సందు ఖాళీ అయింది. ఒక కుర్చీలో కూలబడి అమ్మాయికి ఫోను చేశాను. విషయం చెప్పాను.

"మరిప్పుడు ఎవరి దగ్గర పెడదాం?"

"మీ బాబాయి దగ్గర."

"క్షమించావా ఆయన్ని?"

"లేదు."

"మరి?"

"ఎవరు చచ్చినా ఆ గది వదలడు. నీ డాక్టరుకు కావలసింది అలాంటివాడే."

"సరే. అయితే నువ్వే అడుగు. తీసేస్తున్నామని పోయినసారి నాచేత చెప్పించావు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు నాకు. ఈసారి నేను చెయ్యను." పెట్టేసింది.

అన్నంతపనీ చేసే మనిషి. నెలాఖరు వచ్చినా చెయ్యదు. అతని నంబరు వెతికి నొక్కాను. ఒక్క మోతకే ఎత్తాడు.

"అన్నయ్యా" అన్నాడు. రెండేళ్ల మౌనం మధ్యలో లేనట్టే అన్నాడు. వెనకాల ఫ్యాన్ల హోరు.

"సైట్లు మళ్లీ నీ దగ్గరికి పంపుతున్నాం."

"సరే."

"ఎప్పటికవుతుంది?"

"ఇప్పుడే మొదలెడతా. సాయంత్రానికి అయిపోతుంది." ఆగాడు. "ఎక్కడున్నావు? ఎవరో ఏడుస్తున్నట్టుంది?"

ఇంట్లో ఆడవాళ్లు ఇంకా ఏడుస్తున్నారు. కుర్చీలవాడు వచ్చి నా వెనకున్న వరస ఒకదాంట్లో ఒకటి దోపుతున్నాడు.

"చావింట్లో" అన్నాను.

"అయ్యో. ఎవరు?"

"ఎవరైతే నీకెందుకు? నువ్వు వస్తావా?"

ఫ్యాన్ల హోరులో ఏదో యంత్రం కూత పెట్టింది.

"రాలేనన్నయ్యా" అన్నాడు. "సైట్ల పాస్‌వర్డ్ చెప్పు."

కుర్చీలవాడు నా కుర్చీ మీద చెయ్యేశాడు. లేచి నిలబడి, జేబులోంచి చీటీ తీసి, ఒక్కొక్క అక్షరం చెప్పాను.